"షుగర్‌కి సెల్స్ ఎక్కిస్తారట" అని ఫోన్ వచ్చినప్పుడు ఆ వార్తను ఎలా చదవాలి

2024 సెప్టెంబరు ఆఖర్లో ఒక రాత్రి మా ఆడపడుచు ఫోన్ చేసింది. "వదినా, చూశావా, చైనాలో షుగర్‌కి మందు కనిపెట్టేశారట, ఒక అమ్మాయికి ఇన్సులిన్ పూర్తిగా మానిపించేశారట, మన చిన్నోడికి కూడా చేయించేద్దాం, ఖర్చుకి అందరం తలా కాస్త వేసుకుందాం" అని ఒక్క గుక్కలో చెప్పేసింది. పాపం ప్రేమతోనే అంది. మావాడికి ఏడో ఏట టైప్ వన్ షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోయే రకం) తేలింది, ఇప్పుడు పద్నాలుగు నిండాయి. ఈ ఏడేళ్లలో ఇలాంటి ఫోన్లు ఎన్ని వచ్చాయో లెక్క లేదు. మొదట్లో ప్రతిసారీ గుండె ఎగిసిపడేది, రాత్రంతా ఫోన్ పట్టుకుని వెతికేదాన్ని, తెల్లారేసరికి ఏడుపొచ్చేది. తర్వాత తర్వాత వార్తను చదివే పద్ధతి ఒకటి అలవాటైంది. ఇంట్లో టైప్ వన్ ఉన్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా. నేను డాక్టర్ని కాదు, కామర్స్ చదివాను. ఇది వైద్య సలహా కింద తీసుకోకండి. వార్త వచ్చాక డాక్టర్ దగ్గరికి ఏ ప్రశ్నలతో వెళ్లాలో తెలియడానికి మాత్రమే.

ముందుగా చూడాల్సింది అది అసలు టైప్ వన్ గురించేనా అన్నది. మన దగ్గర అంతా "షుగరే". పేపర్లో "మధుమేహానికి చెక్" అని పడుతుంది, లోపల నాలుగో పేరాలో టైప్ టూ (ఇన్సులిన్ ఉన్నా ఒంట్లో సరిగ్గా పనిచేయని వేరే రకం) అని ఉంటుంది. ఆ ఏడాదే షాంఘైలో 59 ఏళ్ల ఆయనకి మూలకణాలతో (స్టెమ్ సెల్స్, అంటే వేరే రకం కణాలుగా మారగలిగేవి) తయారుచేసిన కణాలు పెట్టారని ఇంకో వార్త తిరిగింది, ఆయనది టైప్ టూ. రెండు వార్తల్నీ కలిపేసి ఒకే ఫార్వర్డ్‌గా పంపినవాళ్లు కూడా ఉన్నారు. తర్వాత, అది మనిషిలో చేశారా, ఎలుకలోనా? ఎలుకల్లో షుగర్ తగ్గడం అనేది దాదాపు రోజూ జరిగే పని. ఎలుక వార్తకి మనవాళ్లు చేసే హడావిడి చూస్తే ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెతే గుర్తొస్తుంది. ఎలుక అని కనపడగానే నేను మూసేస్తాను, సగం ఫార్వర్డ్‌లు అక్కడే ఆగిపోతాయి.

మనిషిలోనే, టైప్ వన్‌లోనే అని తేలితే అప్పుడు కాగితం తీసుకుని ఈ ప్రశ్నలు వేయండి.

ఆ కణాలు ఎవరివి?

పాంక్రియాస్‌లో, అంటే క్లోమ గ్రంథిలో, ఐలెట్స్ అని కణాల చిన్న చిన్న గుంపులుంటాయి. పాల్ లాంగర్‌హాన్స్ 1869లో వాటిని మొదట గుర్తించాడు కాబట్టి ఆయన పేరే వాటికి. మొత్తం పాంక్రియాస్‌లో అవి ఒకటి రెండు శాతమే. వాటిలో ఉండే బీటా సెల్స్ ఇన్సులిన్ తయారుచేస్తాయి. టైప్ వన్‌లో మన రోగనిరోధక వ్యవస్థే వాటిని శత్రువులనుకుని చంపేస్తుంది. పోయిన సెల్స్ స్థానంలో కొత్తవి పెడదాం అన్నదే ఈ పరిశోధన అంతా. వినడానికి తేలికే. సెల్స్ ఎక్కణ్ణుంచి తెస్తారన్న దగ్గరే దారులు చీలిపోతాయి.

ఒక దారి, చనిపోయిన దాత పాంక్రియాస్ నుంచి తీయడం. దీనికి పేరు తెచ్చింది కెనడాలో ఎడ్మంటన్, ఆల్బెర్టా యూనివర్సిటీ. జేమ్స్ షపీరో బృందం 2000లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఏడుగురి ఫలితాలు రాసింది, ఏడుగురూ ఇన్సులిన్ సూదులు మానేశారు. అప్పట్లో అదో సంచలనం. అయితే ఒక్కొక్కరికి ఇద్దరు, అంతకు మించి దాతల ఐలెట్స్ కావాల్సి వచ్చింది. అవయవదానం అంటే ఏమిటో మనకి తెలుసు కదా, జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని కిడ్నీ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసేవాళ్లు మన ఊళ్లలోనే ఉన్నారు. ఒక్క మనిషికి ఇద్దరి పాంక్రియాస్ అంటే ఎంతమందికి సరిపోతుంది? ఈ దారిలో వచ్చిన లాంటిడ్రా అనే చికిత్సకి అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2023 జూన్‌లో అనుమతిచ్చింది. టైప్ వన్‌కి అక్కడ అనుమతి పొందిన మొదటి దాత కణాల చికిత్స అదే. అది కూడా పెద్దవాళ్లకి, ఎంత జాగ్రత్తగా ఉన్నా మళ్లీ మళ్లీ తీవ్రంగా లో షుగర్ అయ్యేవాళ్లకి మాత్రమే.

రెండో దారి, మూలకణాల నుంచి ల్యాబ్‌లో బీటా సెల్స్ పెంచడం. ఇందులో దాత కొరత ఉండదు, ఎన్ని కావాలంటే అన్ని పెంచుకోవచ్చు. హార్వర్డ్‌లో డగ్లస్ మెల్టన్ అనే ఆయన అంతకు ముందు కప్పల పిండాల మీద పని చేసేవాడు. 1991లో ఆయన కొడుక్కి ఆరు నెలల వయసులో టైప్ వన్ అని తేలింది, తర్వాత కూతురికి కూడా వచ్చింది. ఆయన పరిశోధనంతా ఇటు తిప్పేశాడు. మూలకణాల నుంచి పెద్ద మొత్తంలో బీటా సెల్స్ తయారుచేసే పద్ధతి ఆయన బృందం ప్రచురించింది 2014లో. పిల్లలిద్దరి పేర్లూ కలిపి సెమ్మా అని కంపెనీ పెట్టాడు, 2019లో వర్టెక్స్ అనే పెద్ద కంపెనీ దాన్ని 95 కోట్ల డాలర్లకి కొనేసింది. మొదటి మనిషికి ఆ కణాలు ఎక్కించింది 2021లో. 1991 నుంచి 2021కి ముప్పై ఏళ్లు! మా పిల్లాడికి జబ్బు తేలినప్పుడు "ఐదేళ్లలో మందు వచ్చేస్తుందమ్మా" అని చెప్పినవాళ్లు ముగ్గురు, టైప్ వన్ ఉన్న ఏ ఇంట్లో అడిగినా ఈ ఐదేళ్ల మాట విన్నామనే చెబుతారు. ఎవరైనా ఐదేళ్లు అంటే నేనిప్పుడు నవ్వి ఊరుకుంటాను.

మూడోది, రోగి సొంత కణాలనే వెనక్కి తిప్పి మూలకణాలుగా చేసి, వాటి నుంచి ఐలెట్స్ పెంచడం. మా ఆడపడుచు చెప్పిన చైనా వార్త ఇదే, దాని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇవి కాక ఇంకోటి ఉంది, జాగ్రత్తగా చూడకపోతే పొరబడతాం. పాంక్రియాటైటిస్ (పాంక్రియాస్ వాపు) ముదిరి పాంక్రియాస్ మొత్తం తీసేయాల్సి వచ్చినవాళ్లకి, తీసిన పాంక్రియాస్‌లోంచి వాళ్ల సొంత ఐలెట్స్ వేరుచేసి వాళ్లకే పెడతారు. అది ఎప్పట్నుంచో ఉంది. వాళ్లకి టైప్ వన్ లేదు, బీటా సెల్స్ మీద దాడి చేసే వ్యవస్థా లేదు. "ఐలెట్ ట్రాన్స్‌ప్లాంట్ విజయవంతం" అన్న హెడ్డింగ్ కింద ఇదే ఉండొచ్చు, మన పిల్లలకి దీంతో సంబంధం లేదు.

ఎక్కడ పెట్టారు?

పాంక్రియాస్‌లో పెడతారనుకుంటాం, కాదు. దాత ఐలెట్స్‌నీ, వర్టెక్స్ కణాల్నీ కాలేయానికి రక్తం తీసుకెళ్లే పోర్టల్ సిర ద్వారా ఎక్కిస్తారు, కణాలు వెళ్లి లివర్‌లో స్థిరపడి అక్కడే ఇన్సులిన్ చేస్తాయి. పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు, అదొక సుఖం. కానీ నేరుగా రక్తంలో పడగానే వాపు, గడ్డకట్టడం మొదలై చాలా కణాలు తొలి గంటల్లోనే పోతాయి, ఏదైనా తేడా వస్తే లివర్ నిండా చెదిరిన వాటిని వెనక్కి తీయడం కుదరదు. అందుకే పొట్ట కండరం పొర కిందో, ముంజేతి కండరంలోనో పెట్టి చూస్తున్నారు. అక్కడైతే స్కాన్‌లో కనపడతాయి, అవసరమైతే తీసేయొచ్చు. ఈ ప్రశ్న మీద ఎక్కువసేపు కూర్చోకండి. అసలు పేచీ దీని తర్వాతది.

వాటిని చంపకుండా ఆపుతున్నది ఏమిటి?

హెడ్డింగ్ ఎంత పెద్దదైనా సరే, దీనికి జవాబు దొరికేదాకా వార్తను నమ్మకండి.

కొత్త కణాలకి రెండు గండాలు. వేరేవాళ్ల కణాలు కాబట్టి శరీరం తిరస్కరించడం ఒకటి, కిడ్నీ మార్పిడిలో లాగే. మన పాత బీటా సెల్స్‌ని చంపిన టైప్ వన్ దాడి కొత్తవాటినీ పట్టుకోవడం రెండోది. ఈ రెండూ జరక్కుండా రోగనిరోధక శక్తిని అణిచే మందులు ఇస్తారు, టాక్రోలిమస్, సిరోలిమస్ లాంటివి. కణాలు పనిచేసినన్నాళ్లూ అవి వేసుకోవాలి. ఇన్ఫెక్షన్లు, నోటిపూత, చేతుల వణుకు, కొలెస్ట్రాల్, కిడ్నీల మీద భారం, కొన్ని రకాల క్యాన్సర్ల ప్రమాదం. ఇందులో తమాషా ఏమిటంటే టాక్రోలిమస్ బీటా సెల్స్‌కే మంచిది కాదు, కిడ్నీ మార్పిడి అయినవాళ్లలో కొందరికి దానివల్లే కొత్తగా షుగర్ వస్తుంది. అంటే కాపలాకి పెట్టినవాడే అప్పుడప్పుడు చెయ్యి చేసుకుంటాడన్నమాట.

ఇప్పుడు చైనా అమ్మాయి సంగతి. పెకింగ్ యూనివర్సిటీ డెంగ్ హోంగ్‌క్వీ బృందం, తియాంజిన్‌లోని ఆసుపత్రితో కలిసి చేసిన పని, సెల్ అనే పత్రికలో వచ్చింది. 25 ఏళ్ల యువతి, ఆమె సొంత కణాల నుంచే ఐలెట్స్ పెంచి పొట్ట కండరం పొర కింద పెట్టారు, 75వ రోజు నుంచి ఇన్సులిన్ అవసరం లేకపోయింది. నిజమే, గొప్ప విషయమే. "సొంత కణాలు కాబట్టి మందులు అక్కర్లేదు" అని ఫార్వర్డ్‌లో ఉంది చూడండి, అది మాత్రం తప్పు. ఆ అమ్మాయికి అంతకు ముందే లివర్ మార్పిడి జరిగింది, రోగనిరోధక శక్తిని అణిచే మందులు అప్పటికే వాడుతోంది. కాబట్టి ఆ కణాలు నిలబడింది సొంతవి కావడం వల్లా, మందుల వల్లా అన్నది ఈ ఒక్క కేసుతో తేలదు. పైగా సొంత కణాలైతే మొదటి గండం తప్పుతుందేమో గానీ రెండోది తప్పదు, ఎందుకంటే మొదట చచ్చినవీ సొంతవే కదా. ఈ ఒక్క వాక్యం మా ఆడపడుచుకి చెప్పడానికి నాకు ఇరవై నిమిషాలు పట్టింది. "అయితే మరి వాళ్లు ఎందుకు రాయలేదు వదినా?" అంది. రాశారు, పరిశోధన పత్రంలో ఉంది, వార్త రాసినవాళ్లు కోసేశారు.

మందులు లేకుండా చేయాలని రెండు రకాలుగా ప్రయత్నిస్తున్నారు. కణాల్ని ఒక సంచిలాంటి పరికరంలో పెట్టి, ఆక్సిజన్, ఇన్సులిన్ రాకపోకలు సాగేలా, రోగనిరోధక కణాలు మాత్రం లోపలికి రాకుండా చేయడం ఒకటి. వర్టెక్స్ వాళ్లు వీఎక్స్-264 అని ఇది ప్రయత్నించారు, తగినంత ఇన్సులిన్ రావడం లేదని 2025 మార్చిలో ఆపేశారు. ఆపేసిన వార్త నాకు ఏ ఫార్వర్డ్‌లోనూ రాలేదు, మొదలుపెట్టినప్పుడు మాత్రం నాలుగుసార్లు వచ్చింది.

రెండోది కణాల జన్యువుల్నే మార్చి, రోగనిరోధక వ్యవస్థ కంటపడకుండా చేయడం. స్వీడన్‌లో ఉప్సలా యూనివర్సిటీ ఆసుపత్రిలో సానా అనే కంపెనీ తయారుచేసిన అలాంటి దాత కణాల్ని ఒకాయన ముంజేతి కండరంలో పెట్టారు. 42 ఏళ్ల మనిషి, 37 ఏళ్లుగా టైప్ వన్. అణిచే మందులు ఏమీ ఇవ్వలేదు. పన్నెండు వారాల తర్వాత కూడా కణాలు బతికే ఉన్నాయి, ఇన్సులిన్ చేస్తున్నాయి. 2025లో ఇది న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో వచ్చింది. నాకు ఇన్నేళ్లలో నిజంగా ఆశ కలిగించిన వార్త ఇదే. కానీ ఒక్క మనిషి, కావాలని తక్కువ డోసు, ఆయన ఇన్సులిన్ వేసుకుంటూనే ఉన్నాడు. ఆ మూడూ కలిపి చదవాలి.

మందులు వాడుతూ కణాలు పెట్టించుకోవడం ఎవరికి లాభమో కూడా ఇక్కడే తెలుస్తుంది. మావాడికి ఒకసారి తెల్లవారుజామున మూడింటికి ఒంటికి పెట్టిన షుగర్ సెన్సర్ అలారం మోగింది, వేలు గుచ్చి చూస్తే 48. లేపితే లేస్తున్నాడు గానీ మాట ముద్దగా వస్తోంది, నోట్లో గ్లూకోజ్ పొడి వేస్తుంటే సగం దిండు మీద పడింది. పదిహేను నిమిషాల తర్వాత 71, ఇంకో పదిహేనుకి 96, అప్పుడు "అమ్మా, నిద్రొస్తోంది" అన్నాడు. మాకది ఏడాదికి ఒకటి రెండు సార్లు. కొంతమంది పెద్దవాళ్లకి, ముప్పై నలభై ఏళ్లుగా జబ్బు ఉన్నవాళ్లకి, లో అవుతున్నట్టు శరీరం చెప్పడమే మానేస్తుంది, చెమట పట్టదు, వణుకు రాదు, నేరుగా పడిపోతారు. బండి నడుపుతూ, నిద్రలో, ఎక్కడైనా. అలాంటివాళ్లకి ఆ మందుల ప్రమాదం తీసుకున్నా న్యాయమే. ఇన్సులిన్‌తో బాగానే నెట్టుకొస్తున్న పద్నాలుగేళ్ల పిల్లాడికి జీవితాంతం టాక్రోలిమస్ పెట్టడం ఏ డాక్టరూ ఒప్పుకోడు, ఒప్పుకుంటే నేను డాక్టర్ని మారుస్తాను.

సి-పెప్టైడ్ ఎంత?

శరీరం ఇన్సులిన్ తయారుచేసినప్పుడల్లా దాంతోపాటు సమానంగా సి-పెప్టైడ్ అనే ముక్క కూడా విడుదలవుతుంది. మనం సూదితో వేసుకునే ఇన్సులిన్‌లో అది ఉండదు. కాబట్టి రక్తంలో సి-పెప్టైడ్ కనిపిస్తే ఆ ఇన్సులిన్ లోపల తయారైందనే అర్థం, దీన్ని ఎవరూ మాయ చేయలేరు. "షుగర్ లెవెల్స్ బాగా తగ్గాయి" అని మాత్రమే రాసి సి-పెప్టైడ్ మాట ఎత్తని వార్తను నేను పక్కన పెడతాను. డైట్ కట్టుదిట్టంగా చేయించి, ఇన్సులిన్ సరిగ్గా ఇప్పించి ఎవరైనా షుగర్ తగ్గించొచ్చు. ముందు ఎంత ఉంది, తర్వాత ఎంత ఉంది, తిన్నాక పెరిగిందా అన్నది చూడాలి. కొత్తగా జబ్బు తేలిన పిల్లల్లో ఇంకో మాయ ఉంది. ఇన్సులిన్ మొదలుపెట్టిన కొన్ని వారాలకి, మిగిలిన కాసిన్ని బీటా సెల్స్ కాస్త తేరుకుని, డోసు బాగా తగ్గిపోతుంది. హనీమూన్ పీరియడ్ అంటారు దాన్ని. కొన్ని నెలలు ఉండొచ్చు, తర్వాత పోతుంది. సరిగ్గా ఆ టైమ్‌లో ఏ ఆకు పసరు తాగించినా, ఏ సెల్స్ ఎక్కించినా "పనిచేసింది" అనిపిస్తుంది. మాకూ అనిపించింది. మావాడికి అప్పుడు మా అత్తగారు మెంతులు నానబెట్టి ఇస్తుండేవారు, రెండు నెలలపాటు క్రెడిట్ అంతా మెంతులకే వెళ్లింది.

ఎంతమందిలో, ఎన్నాళ్లు?

ఎడ్మంటన్ ఏడుగురు అద్భుతం అన్నాను కదా. తర్వాత అదే పద్ధతిని తొమ్మిది కేంద్రాల్లో 36 మందికి చేసి 2006లో ఫలితాలు రాశారు. ఏడాది తర్వాత ఇన్సులిన్ లేకుండా ఉన్నవాళ్లు 16 మంది. ఆ 16 మందిలో రెండేళ్లకి మిగిలింది ఐదుగురు. అలాగని వృథా కాదు. ఇన్సులిన్ మళ్లీ మొదలుపెట్టినవాళ్లలో కూడా కణాలు కొంత పనిచేస్తుంటే తీవ్రమైన లోలు రాలేదు. "ఇన్సులిన్ మానేశారా" అన్నది ఒక్కటే గెలుపు కాదని నాకు అప్పుడు అర్థమైంది. లాంటిడ్రా అయితే 30 మందిలో 21 మంది ఏడాది, అంతకు పైగా ఇన్సులిన్ లేకుండా ఉన్నారు, అందులో పదిమంది ఐదేళ్లు దాటారు. ఐదుగురికి మాత్రం ఒక్క రోజు కూడా ఇన్సులిన్ మానడం కుదరలేదు.

వర్టెక్స్ వాళ్లది, జిమిస్లెసెల్ అని పేరు పెట్టారు, 2025 జూన్‌లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో వచ్చింది. మొత్తం 14 మంది. పూర్తి డోసు ఒకేసారి తీసుకున్న 12 మందిలో పదిమంది ఏడాది నాటికి ఇన్సులిన్ లేకుండా ఉన్నారు, పన్నెండుమందికీ తీవ్రమైన లో షుగర్లు ఆగిపోయాయి, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 7 లోపే. వీళ్లంతా మొదట్లో సి-పెప్టైడ్ అసలు కనపడనివాళ్లు. ఈ రంగంలో ఇంతకంటే బలమైన ఫలితం నేను చదవలేదు. అదే పత్రంలో ఇద్దరు చనిపోయారనీ ఉంది. ఒకరు క్రిప్టోకాకస్ మెనింజైటిస్ అనే ఇన్ఫెక్షన్‌తో, ఇంకొకరు అంతకుముందే ఉన్న మెదడు సమస్య ముదిరి. కణాల వల్ల పోలేదు, కానీ అణిచే మందులు వాడేవాళ్లకి అలాంటి ఇన్ఫెక్షన్ల భయం ఉంటుందని గుర్తుపెట్టుకోవాలి. "83 శాతం మందికి నయం" అని హెడ్డింగ్ చూసినప్పుడు, 83 శాతం అంటే 12లో 10 అని మనసులో అనుకోండి. అంతే, టెన్షన్ సగం తగ్గుతుంది, ఆశ కూడా దాని సైజులోకి వస్తుంది.

రిజిస్ట్రీలో వెతకడం

ఇది కంప్యూటర్‌లో చేస్తే సుఖం, ఫోన్‌లో కళ్లు లాగుతాయి. విదేశీ ట్రయల్ అయితే అమెరికా ప్రభుత్వ క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీకి వెళ్లి కంపెనీ పేరో, మందు పేరో కొట్టండి. ప్రతి ట్రయల్‌కీ ఎన్‌సీటీతో మొదలయ్యే నంబరుంటుంది. జిమిస్లెసెల్‌ది ఎన్‌సీటీ04786262. అందులో నేను నేరుగా అర్హతల దగ్గరికి వెళ్తాను. వయసు 18 నుంచి 65, లో తెలియకపోవడం, గత ఏడాదిలో రెండుసార్లైనా తీవ్రమైన లో. మా పద్నాలుగేళ్లవాడికి మొదటి లైన్‌లోనే తలుపు మూసుకుంది. బాధేసినా, తిరుగుడు తప్పింది.

మన దేశంలో అయితే సీటీఆర్ఐ, అంటే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా. ఐసీఎంఆర్ (కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి) వాళ్లు నడుపుతారు, 2007 నుంచి ఉంది. ట్రయల్ సెర్చ్‌లో "టైప్ 1 డయాబెటిస్" అని ఇంగ్లీషులో కొట్టండి. నంబరు సీటీఆర్ఐ అనే అక్షరాలు, ఏడాది, నెల, తర్వాత అంకెలు, ఆ వరసలో ఉంటుంది. తెరిచాక స్పాన్సర్ ఎవరు, ఎథిక్స్ కమిటీ ఆమోదం వచ్చిందా, డీసీజీఐ (దేశంలో మందులకి, ట్రయల్స్‌కి అనుమతిచ్చే అధికారి) అనుమతి గడిలో ఏముంది, ఎంతమందిని తీసుకుంటారు, ఇప్పుడు చేర్చుకుంటున్నారా లేదా అన్నవి చూడండి. ఒక్క మాట, రిజిస్ట్రీలో ఉన్నంత మాత్రాన ఆ చికిత్స మంచిదనో, ప్రభుత్వం మెచ్చుకుందనో కాదు. అది హాజరు పట్టీ లాంటిది, మార్కుల లిస్టు కాదు. కానీ అందులో లేకుండానే "ట్రయల్ జరుగుతోంది" అనేవాళ్లతో మాట్లాడాల్సిన పని లేదు.

డబ్బులడిగితే

ఇక్కడ నా కథ చెప్పాలి. వాడికి తొమ్మిదేళ్లప్పుడు, ఒక పెద్ద ఊళ్లో ఒక క్లినిక్ ప్రకటన చూసి ఫోన్ చేశాను. పేరు చెప్పను. కౌన్సెలర్ అట, ఎంతో తీయగా మాట్లాడింది. "మేడమ్, బొడ్డుతాడు స్టెమ్ సెల్స్ మేడమ్, ఐవీలో ఎక్కిస్తాం, మూడు సిట్టింగులు, నాలుగున్నర లక్షలు, ఈ నెల బుక్ చేసుకుంటే యాభై వేలు తగ్గుతుంది." డిస్కౌంట్ అన్న దగ్గర నాకు ఏదో తేడా కొట్టింది, చీరల షాపులో ఆషాఢం సేల్ లాగా ఉందేంటి అని. అప్పుడు అడగడం మొదలుపెట్టాను. సీటీఆర్ఐ నంబరు? "అది మా రీసెర్చ్ టీమ్ చూసుకుంటుంది మేడమ్." ఎక్కించాక సి-పెప్టైడ్ ఎంత పెరుగుతుంది? "ఒక్కొక్కరి బాడీని బట్టి మేడమ్." ఇన్సులిన్ ఎప్పుడు ఆపుతారు? "మొదటి సిట్టింగ్ తర్వాత మెల్లగా తగ్గిస్తాం మేడమ్." ఆ చివరి మాటకి నాకు కాళ్లు చల్లబడ్డాయి.

చేతి నరంలోంచి ఎక్కించిన ఆ రకం కణాలు ఎక్కువ భాగం ముందు ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటాయి, బీటా సెల్స్‌గా మారి పాంక్రియాస్‌లో వెళ్లి కూర్చోవు. అవి దాడిని కాస్త నెమ్మదింపజేస్తాయేమోనని ట్రయల్స్‌లో చూస్తున్నారు, అది వేరే సంగతి, దాన్ని సిట్టింగుల లెక్కన అమ్మడం వేరే సంగతి. మన దేశంలో మూలకణ పరిశోధనకి ఐసీఎంఆర్, డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ) కలిసి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్త సంబంధ జబ్బుల్లాంటి ఆమోదం ఉన్న కొన్నిటికి తప్ప, మిగతా వాటికి స్టెమ్ సెల్స్ ఇవ్వాలంటే అనుమతి ఉన్న ట్రయల్‌లోనే ఇవ్వాలి. ఆ ఆమోదాల్లో టైప్ వన్ లేదు. నిజమైన ట్రయల్‌లో మీరు ప్రయోగానికి ఒప్పుకుంటున్నవాళ్లు, కణాల ఖరీదు మీ దగ్గర తీసుకోరు. దానివల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలని 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లోనే ఉంది. బిల్లు చేతికొచ్చిందంటే అది ట్రయల్ కాదు, బేరం.

బొడ్డుతాడు రక్తం దాచుకోమని ప్రసవానికి ముందు వచ్చేవాళ్లు కూడా టైప్ వన్ పేరు వాడుతుంటారు. ఫ్లోరిడాలో టైప్ వన్ వచ్చిన చిన్నపిల్లలకి వాళ్ల సొంత బొడ్డుతాడు రక్తమే ఎక్కించి చూశారు, సి-పెప్టైడ్ నిలబడలేదు. మా చెల్లెలి పురుడప్పుడు ఈ ఒక్క విషయం చెప్పి ఆపించాను.

ఎవరేం ఎక్కించినా, ఎక్కించకపోయినా, టైప్ వన్‌లో ఇన్సులిన్ మీ అంతట మీరు ఆపకండి. ఆపితే కొద్ది రోజుల్లో, ఒక్కోసారి కొన్ని గంటల్లోనే, రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పెరిగి వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస, మగత. అది ఇంట్లో చూసుకునేది కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఈలోగా మనం చేయగలిగేది

నా దగ్గర ఒక నీలం ఫైలుంది. మొదటి అడ్మిషన్ డిశ్చార్జ్ సమ్మరీ, యాంటీబాడీ టెస్టులు, అప్పటి సి-పెప్టైడ్, ప్రతి మూడు నెలల హెచ్‌బీఏ1సీ, ఏడాదికోసారి కళ్ల పరీక్ష, మూత్రంలో అల్బుమిన్, క్రియాటినిన్. వెనకాల ఒక నోట్‌బుక్‌లో తీవ్రమైన లోలు మాత్రం తేదీ, టైము, ఎంత ఉంది, ఎవరు సాయం చేశారు అని రాసి పెడతాను. రేపు ఏ ట్రయల్‌కి వెళ్లినా ముందు అడిగేవి ఇవే. "చాలాసార్లు లో అయింది సార్" అంటే లెక్కలోకి రాదు, కాగితం కావాలి. కిడ్నీలు బాగుండాలి, ఎందుకంటే అణిచే మందులు వాటి మీదే పడతాయి. ఇప్పుడు షుగర్ కంట్రోల్‌లో పెట్టుకోవడం అంటే రేపటి లైన్‌లో మన చోటు కాపాడుకోవడం. పద్నాలుగేళ్లవాడికి హెచ్‌బీఏ1సీ గురించి లెక్చర్ ఇస్తే వినడు గానీ, ఇలా చెబితే కాస్త విన్నాడు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు వార్త మొత్తం చూపించకండి, ఆయనకి వెనక ముప్పైమంది ఉంటారు. పై ప్రశ్నలకి మీకు దొరికిన జవాబులు నాలుగు లైన్లు రాసుకెళ్లి, "ఇది మావాడి లాంటివాడికి వర్తిస్తుందా సార్" అని అడగండి. మా డాక్టరుగారు మొదటిసారి ఆ కాగితం చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇది ఎవరు రాశారమ్మా" అన్నారు. ఆ రోజు పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి మాట్లాడారు, అంతకు ముందు ఎప్పుడూ నాలుగు దాటలేదు.

పిల్లలకి ఏం చెప్పాలన్నది మాత్రం నాకింకా సరిగ్గా చేతకాలేదు. చైనా వార్త రోజు మావాడు నా ఫోన్ లాక్కుని చదివాడు. "అమ్మా, ఈవిడకి లివర్ కూడా మార్చారంట, నాకొద్దులే" అని ఫోన్ ఇచ్చేసి, రాత్రి భోజనానికి ఎన్ని యూనిట్లు వేసుకోవాలో లెక్కేసుకోవడానికి వెళ్లిపోయాడు.

ఇంట్లోవాళ్లకి నేను పంపే జవాబు కూడా ఇచ్చేస్తున్నా, కావాలంటే కాపీ చేసుకోండి. "చూశాను వదినా, థ్యాంక్స్. ఇది పెద్దవాళ్లలో, కొద్దిమందిలోనే జరిగింది, జీవితాంతం వేరే మందులు వాడాలి, పిల్లలకి ఇంకా లేదు. మేం ఫాలో అవుతున్నాం, వాడికి తగ్గది వస్తే నీకే ముందు చెప్తా. ఆదివారం రండి, పెసరట్టు వేస్తాను." పెసరట్టు దగ్గర మీ ఇంట్లో ఏది బాగా కుదిరితే అది పెట్టుకోండి.